రోమన్ నాణెం: ఎవరిది? ఎప్పటిది?



ఇవాళ్టి పాఠంలో మనం ప్రాచీన రోమన్ నాణేలను గుర్తించడం, వాటి కాలాన్ని నిర్ణయించడం ఎలాగో తెలుసుకుందాం. ఎక్కడో ఇటలీ దేశంలో రెండు వేల ఏళ్ల కిందట చెలామణీ అయిన నాణేలతో మనకేం పని అని మీకు అనిపించవచ్చు. పని ఉంది. ఈ నాణేలు మన నేలలోనే దొరుకుతున్నాయి. తమిళనాడులోని కోయంబత్తూరు, పుదుక్కోట ప్రాంతాల్లో దొరికాయి. కేరళలో దొరికాయి. నల్లగొండ జిల్లా అక్కనపల్లిలో దొరికాయి. పల్నాటి సీమలోని వినుకొండలో బంగారు నాణేలు, నాగార్జునకొండ తవ్వకాల్లో బంగారు నాణేలు బయటపడ్డాయి.

ఇక రెండో సంగతి. దక్కనును ఏలిన శాతవాహనుల శాసనాలు మీరు చరిత్ర పాఠాల్లో చదివే ఉంటారు. ఆ శాసనాల్లో ఫలానా రాజు పాలనలో ఇన్నవ సంవత్సరం అని ఉంటుంది గానీ, మనం లెక్క కట్టగలిగే శకం ఉండదు. రోమన్ నాణేల్లో చాలావాటి మీద మాత్రం ఏ ఏడాది ముద్రించారో తెలిపే ఆధారాలు ఉంటాయి. అందువల్ల ఒక మట్టి పొరలో రోమన్ నాణెం దొరికితే, ఆ పొర వయసు చెప్పడానికి అది గడియారంలా పనికివస్తుంది. అయితే గడియారం చూడటం రానివాడు సమయం తప్పు చెబుతాడు. కాబట్టి మూడు ప్రశ్నలు వరుసగా వేసుకుందాం. ఈ నాణెం ఎవరిది? ఎప్పుడు ముద్రించారు? దాన్నిబట్టి అది దొరికిన చోటి కాలం గురించి ఎంతవరకు చెప్పవచ్చు? ఈ మూడో ప్రశ్న దగ్గరే పొరపాట్లు ఎక్కువగా జరుగుతాయి.

ముందుగా చేయవలసినవి

పాత నాణెం కనబడగానే చాలామంది చేసే మొదటి పని చింతపండు పెట్టి తోమడం. ఇత్తడి బిందెకు అది మంచిదే గానీ, నాణేనికి హాని. శతాబ్దాల తరబడి పట్టిన పొరతో పాటు అక్షరాలు కూడా అరిగిపోతాయి. కాబట్టి తోమకూడదు, గీకకూడదు, ఆమ్లంలో వేయకూడదు. ఎక్కడ దొరికింది, ఎంత లోతున దొరికింది, పక్కన ఏ కుండపెంకులు, ఏ పూసలు ఉన్నాయి అన్నది ముందు రాసిపెట్టుకోవాలి. తరువాత లోహం ఏమిటో చూడాలి, తూచాలి, వ్యాసం కొలవాలి.

లోహం, బరువు

రోమన్ సామ్రాజ్యపు తొలి రోజుల్లో బంగారు నాణేన్ని ఆరియస్ అనేవారు. వెండి నాణెం దేనారియస్. ఇత్తడితో చేసిన పెద్ద నాణెం సెస్టర్షియస్. రాగిది ఆస్. ఒక ఆరియస్‌కు 25 దేనారియస్‌లు, ఒక దేనారియస్‌కు 4 సెస్టర్షియస్‌లు లేదా 16 ఆస్‌లు. తెలుగు బైబిలులో 'దేనారము' అన్న మాట మీలో కొందరు చూసి ఉంటారు. అది ఈ దేనారియసే. గుప్తుల శాసనాల్లో బంగారు నాణేనికి వాడిన 'దీనార' శబ్దం కూడా ఈ మాట నుంచి వచ్చిందే.

అగస్టస్ చక్రవర్తి కాలపు దేనారియస్ సుమారు 3.9 గ్రాములు తూగుతుంది. బొటనవేలి గోరు కంటే కొంచెం పెద్దదిగా, 18, 19 మిల్లీమీటర్ల వ్యాసంతో ఉంటుంది. ఆనాటి ఆరియస్ సుమారు 7.8 గ్రాములు. క్రీ.శ. 64లో నీరో చక్రవర్తి ఈ రెండింటి బరువూ తగ్గించాడు. దేనారియస్ సుమారు 3.4 గ్రాములకు, ఆరియస్ 7.3 గ్రాములకు దిగాయి. వెండిలో రాగి పాలు కూడా పెరిగింది. ఈ క్రీ.శ. 64 సంవత్సరాన్ని గుర్తుంచుకోండి. తరువాత మనకు దీనితో పని పడుతుంది.

ఆ రోజుల్లో బరువుకు ఎంత విలువ ఉండేదో తెలిపే కథ ఒకటి ఉంది. రోమన్ రచయిత ప్లినీ దాన్ని నమోదు చేశాడు. ఒక రోమన్ వ్యక్తి సేవకుడు గాలివాటున సింహళం చేరాడట. అతని దగ్గరున్న దేనారియస్‌లను అక్కడి రాజు పరిశీలించాడు. వాటి మీద బొమ్మలు వేరు వేరు మనుషులవి, అయినా బరువు మాత్రం అన్నింటిదీ ఒకటే. అది చూసి రోమన్ల నిజాయితీని ఆ రాజు మెచ్చుకున్నాడని ప్లినీ రాశాడు. కథలో అతిశయం ఉంటే ఉండవచ్చు. కానీ పరాయి దేశపు నాణేన్ని మనవాళ్లు ముందు తూచి చూసేవారన్నది మాత్రం సహజమైన విషయమే.

బొమ్మ వైపు ఏం చూడాలి?

నాణేనికి బొమ్మ, బొరుసు ఉంటాయని మీకు తెలుసు. రోమన్ నాణెంలో బొమ్మ వైపు సాధారణంగా చక్రవర్తి ముఖం పక్కవాటుగా ఉంటుంది. అక్షరాలు అరిగిపోయినా ముఖాన్నిబట్టి కాలాన్ని కొంత అంచనా వేయవచ్చు.

మొదట గడ్డం చూడండి. హేడ్రియన్ క్రీ.శ. 117లో చక్రవర్తి అయ్యాడు. ఆయన నుంచి చక్రవర్తులు నిండు గడ్డంతో కనిపించడం మొదలైంది. అంతకుముందు వారివి దాదాపు అన్నీ నున్నటి ముఖాలే. తరువాత తల మీద ఏముందో చూడండి. లారెల్ ఆకుల దండ ఉంటే అది మామూలు పద్ధతి. సూర్యకిరణాల్లాంటి మొనలున్న కిరీటం వెండి నాణెం మీద కనిపిస్తే, అది క్రీ.శ. 215లో కారకల్లా ప్రవేశపెట్టిన కొత్త రకం గానీ, దాని తరువాతిది గానీ అయి ఉంటుంది. ముత్యాలు పొదిగిన పట్టీ ఉంటే కాన్‌స్టంటైన్ కాలానికి, అంటే 4వ శతాబ్దానికి వచ్చామన్నమాట.

అక్షరాలు చదవడం

ఇక అసలైన ఆధారం నాణెం అంచు చుట్టూ ఉన్న అక్షరాలు. లాటిన్ భాష రాకపోయినా ఇవి చదవవచ్చు. నాలుగు సూత్రాలు చాలు.

ఒకటి. గడియారంలో ఏడు అంకె ఉండే చోట మొదలుపెట్టి, ముల్లు తిరిగే దిశలో చదవాలి. చాలా నాణేలకు ఇదే పద్ధతి.

రెండు. 'యు' అక్షరం ఉండదు, దాని బదులు 'వి' ఉంటుంది. 'జె' బదులు 'ఐ' ఉంటుంది. అందుకే అగస్టస్ పేరుకు పొట్టి రూపం 'ఏ వి జి'. అదే 'ఏ వి జి జి' అని జి రెండుసార్లు వస్తే, ఇద్దరు చక్రవర్తులు కలిసి పాలిస్తున్న కాలమని అర్థం.

మూడు. మాటల మధ్య ఖాళీ తరచు ఉండదు. బిరుదులన్నీ పొట్టి అక్షరాల్లో ఉంటాయి. 'ఐ ఎం పి' అంటే ఇంపెరేటర్, సేనలకు అధిపతి. 'పి ఎం' అంటే ప్రధాన పురోహితుడు. 'టి ఆర్ పి' అంటే ట్రిబ్యూన్ అధికారం. 'సి ఓ ఎస్' అంటే కాన్సల్ పదవి. 'పి పి' అంటే జాతిపిత. 'దివుస్' లేదా 'దివా' అని ఉంటే, మరణానంతరం దైవత్వం ఆపాదించిన వ్యక్తి అని అర్థం. అంటే ఆ నాణెం ఆ వ్యక్తి చనిపోయిన తరువాత ముద్రించినదన్నమాట.

నాలుగు. లాటిన్ భాషలోనూ మనకు లాగే విభక్తులున్నాయి. మనం రాముడు, రామునికి అన్నట్లే, వారు ట్రాయానుస్, ట్రాయానో అంటారు. చివరి అక్షరాలు మారినంత మాత్రాన వేరే చక్రవర్తి అనుకోకూడదు.

బిరుదులే తేదీలు

ఇప్పుడు రెండో ప్రశ్నకు వద్దాం. రోమన్లు నాణేల మీద మనలాగా సంవత్సరం అంకె వేయలేదు. చక్రవర్తి బిరుదులు, పదవులు వేశారు. అయితే ఏ బిరుదు ఎప్పుడు వచ్చిందో శాసనాల ద్వారా, చరిత్రకారుల రచనల ద్వారా మనకు తెలుసు. కాబట్టి బిరుదులే తేదీలవుతాయి.

ట్రాజన్ చక్రవర్తిని తీసుకుందాం. ఆయన పాలన క్రీ.శ. 98 నుంచి 117 వరకు. ఆయన వెండి నాణేల్లో ఎక్కువగా కనిపించే ఒక రకం మీద బొమ్మ వైపు ఇలా ఉంటుంది: 'ఐ ఎం పి, ట్రాయానో, ఏ వి జి, జి ఇ ఆర్, డి ఏ సి, పి ఎం, టి ఆర్ పి, సి ఓ ఎస్ వి, పి పి'. ఒక్కొక్కటే విప్పుదాం. 'జి ఇ ఆర్' అంటే జర్మానికస్, జర్మన్ తెగలపై విజేత. ఈ బిరుదు క్రీ.శ. 97లో వచ్చింది. 'డి ఏ సి' అంటే డాసికస్, డేసియా దేశ విజేత. ఇది క్రీ.శ. 102 చివర వచ్చింది. అంటే నాణెం అంతకంటే పాతది కాదు. ఇక 'సి ఓ ఎస్ వి'. ఇక్కడి 'వి' రోమన్ అంకె, అయిదు. అయిదోసారి కాన్సల్ అని అర్థం. ట్రాజన్ అయిదోసారి కాన్సల్ అయింది క్రీ.శ. 103లో. ఆరోసారి 112లో. కాబట్టి మన నాణెం 103, 111 మధ్య ముద్రించినది. తొమ్మిదేళ్ల గడువులోకి వచ్చేశాం.

అదే 'సి ఓ ఎస్' తరువాత ఆరు అంకె ఉంటే 112 నుంచి 117 వరకు. ఆ నాణేల్లోనే బొమ్మ వైపు పేరులో 'ఆప్టిమో' అని చేరితే 114 తరువాతిది. 'పార్థికో' కూడా చేరితే 116 గానీ 117 గానీ. చూశారా, ఒక్కొక్క బిరుదు చేరినకొద్దీ గడువు ఎలా కుంచించుకుపోతున్నదో!

బొరుసు వైపు బొమ్మ కూడా సాయం చేస్తుంది. రోమ్ నగరంలో ట్రాజన్ విజయ స్తంభాన్ని క్రీ.శ. 113లో ప్రతిష్ఠించారు. ఆ స్తంభం బొమ్మ ఉన్న నాణేల మీద ఆరోసారి కాన్సల్ అనే ఉంటుంది. రెండు ఆధారాలు ఒకే కాలాన్ని చూపితే మన నిర్ణయం బలపడుతుంది.

అన్నిటికంటే కచ్చితమైనది ట్రిబ్యూన్ అధికారం. చక్రవర్తి దీన్ని ఏటా కొత్తగా స్వీకరించేవాడు. స్వీకరించినప్పుడల్లా అంకె ఒకటి పెరిగేది. మార్కస్ ఆరీలియస్ నాణెం మీద 'టి ఆర్ పి' తరువాత 'ఎక్స్ ఎక్స్', అంటే ఇరవై అని ఉంటే, అది క్రీ.శ. 165 డిసెంబరుకూ 166 డిసెంబరుకూ మధ్య ముద్రించినది. రెండు వేల ఏళ్లనాటి వస్తువు వయసును ఒక్క ఏడాదిలోపు తేడాతో చెప్పగలగడం పురావస్తు శాస్త్రంలో అరుదైన అవకాశం.

ఇంకా తరువాతి కాలపు నాణేల్లో బొరుసు వైపు బొమ్మ కింద ఒక గీత, గీత కింద కొన్ని అక్షరాలు ఉంటాయి. అవి టంకశాల గుర్తులు. అలెగ్జాండ్రియా, అంతియొకయ, కాన్‌స్టాంటినోపుల్ వంటి ఊళ్లలో ఎక్కడ ముద్రించారో వాటివల్ల తెలుస్తుంది. తమిళనాడులోనూ శ్రీలంకలోనూ దొరికే 4, 5 శతాబ్దాల చిన్న రాగి నాణేలను పరిశీలించడానికి ఈ గుర్తులు ఎంతో అవసరం.

మన దేశంలో ఎక్కువగా దొరికే రెండు రకాలు

దక్షిణ భారతంలో దొరికిన రోమన్ వెండి నాణేల్లో అత్యధికం రెండే రెండు రకాలు. ఈ రెండూ గుర్తుపెట్టుకుంటే ఏ మ్యూజియానికి వెళ్లినా మీరే గుర్తించగలరు.

మొదటిది అగస్టస్‌ది. బొరుసు వైపు ఇద్దరు యువకులు నిలబడి ఉంటారు. మధ్యలో రెండు డాళ్లు, రెండు బల్లేలు. ఆ యువకులు అగస్టస్ మనుమలు, ఆయన దత్తపుత్రులు అయిన గైయస్, లూసియస్. బొమ్మ వైపు 'పాటర్ పాట్రియే', అంటే జాతిపిత అన్న బిరుదు ఉంటుంది. అగస్టస్‌కు ఆ బిరుదు క్రీ.పూ. 2లో ఇచ్చారు. కాబట్టి కింది హద్దు క్రీ.పూ. 2. లూసియస్ క్రీ.శ. 2లో, గైయస్ క్రీ.శ. 4లో చనిపోయారు. అందుకని సాధారణంగా పై హద్దును క్రీ.శ. 4గా తీసుకుంటారు. ఈ రకాన్ని ఆ తరువాత కూడా ముద్రించి ఉంటారని కొందరు పండితుల అభిప్రాయం. అంటే కింది హద్దు గట్టిది, పై హద్దు అంత గట్టిది కాదు.

రెండోది టైబీరియస్‌ది. బొరుసు వైపు ఒక స్త్రీ పీఠం మీద కూర్చుని ఉంటుంది. ఒక చేత రాజదండం, ఇంకొక చేత కొమ్మ. చుట్టూ 'పాంటిఫ్ మాక్సిమ్', ప్రధాన పురోహితుడు అని ఉంటుంది. టైబీరియస్ ఆ పదవి చేపట్టింది క్రీ.శ. 15లో, చనిపోయింది 37లో. ఈ రకం మీద అంకెలేమీ లేవు. అదే బొమ్మను ఏళ్ల తరబడి ముద్రిస్తూ పోయారు. అందువల్ల ఒక్కొక్క నాణేన్ని విడిగా చూసి ఇది ఫలానా ఏడాదిది అనలేం. ఆయన పాలనాకాలానిది అనడం వరకే న్యాయం.

నాణెం తేదీ వేరు, పూడ్చిన తేదీ వేరు

ఇప్పుడు మూడో ప్రశ్న. ఒక చోట టైబీరియస్ నాణెం దొరికింది. కాబట్టి ఆ చోటు క్రీ.శ. 15, 37 మధ్య కాలానిది అనవచ్చా? అనకూడదు. నాణెం చెప్పేది అది టంకశాలలో పుట్టిన తేదీ మాత్రమే. అది ఓడ ఎక్కిన తేదీ గానీ, చేతులు మారిన కాలం గానీ, కుండలో పెట్టి పూడ్చిన రోజు గానీ నాణెం మీద రాసి ఉండదు. అది దొరికిన పొర ఆ నాణెం కంటే పాతది కావడానికి వీలులేదు, అంతే. కొత్తది కావచ్చు. ఎంత కొత్తదైనా కావచ్చు.

వినుకొండ బంగారు నాణేలే దీనికి మంచి ఉదాహరణ. వాటిలో టైబీరియస్ కాలం నాటివీ ఉన్నాయి, క్రీ.శ. 217లో మరణించిన కారకల్లావీ ఉన్నాయి. ఆ నిధిలో టైబీరియస్ నాణెం ఒక్కటే మన చేతికి చిక్కి ఉంటే, దాన్ని మొదటి శతాబ్దపు నిధి అని చెప్పేవాళ్లం. దాదాపు రెండు వందల ఏళ్ల తేడా వచ్చి ఉండేది. కాబట్టి నిధిలో అన్నిటికంటే కొత్త నాణెం ఏదో వెతకాలి. పూడ్చిన తేదీ దాని తరువాతే.

అక్కనపల్లిలో వెయ్యిన్నరకు పైగా వెండి నాణేలు దొరికాయి. అత్యధికం నేను చెప్పిన ఆ రెండు రకాలే. క్రీ.శ. 64 తరువాత ముద్రించిన వెండి నాణేలు మాత్రం మన దేశంలో చాలా తక్కువగా దొరుకుతాయి. దీన్నిబట్టి టైబీరియస్ తరువాత రోమ్‌తో వెండి వ్యాపారం ఆగిపోయిందనవచ్చా? తొందరపడకూడదు. నీరో బరువు తగ్గించాక కూడా పాత బరువైన నాణేలు చాలాకాలం చెలామణీలో ఉన్నాయి. సరుకు అమ్మే మనిషి ఏ నాణెం తీసుకుంటాడు? బరువైనదీ, మేలిమి వెండిదీ తీసుకుంటాడు. అంటే నీరో తరువాత కూడా వ్యాపారులు పాత నాణేలనే ఏరి తెచ్చి ఉండవచ్చు. మిరియాలకు, ముత్యాలకు, సన్నని వస్త్రాలకు భారతదేశం ఏటా 5 కోట్ల సెస్టర్షియస్‌లు లాగేసుకుంటున్నదని వాపోయిన ప్లినీ కూడా నీరో తరువాత వెస్పాసియన్ కాలంలో రాసినవాడే.

గాట్లు, అనుకరణలు, నకిలీలు

మన దేశంలో దొరికిన కొన్ని నాణేలకు చక్రవర్తి ముఖం మీద ఉలితో కొట్టినట్లు గాటు ఉంటుంది. 1898లో పుదుక్కోట ప్రాంతంలో దొరికిన 501 బంగారు నాణేల్లో ఎక్కువభాగం ఇలాంటివే. లోహాన్ని పరీక్షించడానికి కొట్టారని కొందరు, నాణెంగా మళ్లీ చెలామణీ కాకుండా రద్దు చేశారని కొందరు అంటారు. ఏదైనా ఆ గాటు రోమ్‌లో పడినది కాదు, ఇక్కడ పడినది. కనుక గాటును కూడా నమోదు చేయాలి. అది నాణెం జీవితంలోని భారతీయ అధ్యాయం.

మనవాళ్లు రోమన్ నాణేలను అనుకరించి కూడా చేశారు. వాటిలో అక్షరాలు అర్థంలేని గీతల్లా ఉంటాయి. కొండాపురం తవ్వకాల్లో రోమన్ నాణేలను పోలిన మట్టి బిళ్లలు దొరికాయి. వీటిని మెడలో వేలాడదీసుకోవడానికి వీలుగా చేశారు. ఇవి నకిలీలు కావు, ఆనాటి ముచ్చట. వీటి మీద ఉన్న టైబీరియస్ ముఖాన్ని చూసి ఆయన కాలపు తేదీ వేయకూడదు.

ఈనాటి నకిలీలు వేరు. అసలు రోమన్ నాణేల్లో దాదాపు అన్నీ రెండు అచ్చుల మధ్య లోహపు బిళ్లను పెట్టి సుత్తితో కొట్టి చేసినవి. పోతపోసిన నకిలీలో అంచున అతుకు గీత, ఉపరితలం మీద గాలిబుడగల గుంటలు కనిపిస్తాయి. బరువు కూడా సరిపోదు. అందుకే ముందుగా తూచమన్నాను.

నాణెం దొరికితే ఏం చేయాలి?

భూమిలో నిధి దొరికితే జిల్లా కలెక్టరుకు తెలియజేయాలని 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం చెబుతుంది. చట్టం సంగతి అలా ఉంచి చరిత్ర సంగతి ఆలోచించండి. బంగారం కరిగిస్తే తులాల లెక్కన డబ్బు వస్తుంది, చరిత్ర పోతుంది. నిధిని పదిమంది పంచుకుంటే నాణేలు మిగిలినా, ఏది ఏ నాణెంతో కలిసి దొరికిందన్న సమాచారం పోతుంది. అందరికంటే కొత్త నాణెం ఎవరి ఇంటికి వెళ్లిందో తెలియకపోతే నిధికి తేదీ వేయడం అసాధ్యం. ఒక్క నాణెం తప్పిపోతే రెండు వందల ఏళ్లు తప్పిపోవచ్చునని వినుకొండ మనకు నేర్పింది.

ఈ పాఠం మీకు ఎంతవరకు అర్థమైందో చూసుకోవడానికి ఒక ప్రశ్న. ఒక తవ్వకంలో ఎవరూ కదిలించని చిన్న కుండలో నాలుగు నాణేలు దొరికాయనుకోండి. మొదటిది కూర్చున్న స్త్రీ బొమ్మ ఉన్న టైబీరియస్ నాణెం. రెండోది అయిదోసారి కాన్సల్ అని ఉన్న ట్రాజన్ నాణెం. మూడోది 'పార్థికో' బిరుదున్న ట్రాజన్ నాణెం. నాలుగోది ట్రిబ్యూన్ అధికారం ఇరవై అని ఉన్న మార్కస్ ఆరీలియస్ నాణెం. ఒక్కొక్క నాణెం తేదీ ఎంత? ఆ కుండను ఏ సంవత్సరానికి ముందు పూడ్చి ఉండటానికి వీలులేదు? ఆ తరువాత ఎప్పుడు పూడ్చారో చెప్పడానికి ఈ నాలుగు నాణేలు చాలుతాయా, ఇంకేమైనా ఆధారాలు కావాలా? మీ తరగతిలో చర్చించండి. జవాబులు ఈ పాఠంలోనే ఉన్నాయి.

మీ ఊరికి దగ్గరలోని మ్యూజియానికి వెళ్లినప్పుడు నాణేల పెట్టె ముందు కాసేపు ఆగండి. అక్షరాలను ఏడో అంకె దగ్గర మొదలుపెట్టి చదవండి.

సెలవు.